కబేళాలో పందుల్ని హింసించారని వీడియో వచ్చిందా? అమెరికాలో అసలు రికార్డు ఎలా వెతకాలి, ఎలా చదవాలి

పోయిన ఎండాకాలం మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు, పందిని వెనక కాలికి గొలుసేసి తలకిందులుగా వేలాడదీస్తే మిగతా కాళ్లు టపటపా కొట్టుకుంటున్నాయి, కింద "అమెరికా కబేళాల్లో బతికుండగానే కోసేస్తున్నారు, అందరికీ షేర్ చెయ్యండి" అని రాసుంది. ఏ ఊరో, ఏ ప్లాంటో, ఏ సంవత్సరమో ఏమీ లేదు. నేనుండేది అయోవాలో, ఈ దేశంలో ఉన్న పందుల్లో మూడో వంతు దాకా ఈ ఒక్క రాష్ట్రంలోనే ఉంటాయి, హైవే ఎక్కితే పందుల లారీ కనపడకుండా ఇంటికి రాను, పైగా మా ఇంట్లో పోర్క్ తింటాం. అందుకని వదిలెయ్యబుద్ధి కాక కూర్చుని వెతికా. వెతికితే అర్థమైందేంటంటే, కబేళాలో జరిగే తప్పుల్ని డ్యూటీగా కాగితం మీద రాసే గవర్నమెంటు మనుషులు అక్కడే ఉంటారు, ఆ కాగితాల్లో చాలావాటిని మనం చదవొచ్చు. ఎలాగో చెప్తా, మధ్యలో కొంచెం కడుపులో తిప్పే విషయాలు వస్తాయి, భోజనం చేసి చదవకండి.

ముందు చట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూస్కోండి

ఇది తెలీకపోతే తర్వాతదంతా వేస్ట్. మూలం 1958లో వచ్చిన హ్యూమేన్ మెథడ్స్ ఆఫ్ స్లాటర్ యాక్ట్. మొదట్లో గవర్నమెంటుకి మాంసం అమ్మే కంపెనీలకే వర్తించేది, 1978లో సవరించి ఫెడరల్ ఇన్‌స్పెక్షన్ ఉన్న కబేళాలన్నిటికీ పెట్టారు, తప్పు కళ్లపడితే అక్కడికక్కడే పని ఆపించే అధికారం ఇన్‌స్పెక్టర్‌కి వచ్చింది కూడా అప్పుడే. చట్టం సారం రెండు ముక్కలు: గొలుసెయ్యకముందే, కత్తి పెట్టకముందే జంతువుకి తెలివి తప్పించాలి, ఆ లోపల దాన్ని తోలేటప్పుడూ దొడ్లో ఉంచేటప్పుడూ హింస పెట్టకూడదు. కోళ్లకి ఈ చట్టం లేదు. మతాచారం ప్రకారం కోసేవాటికి మినహాయింపుంది గానీ హలాల్‌లోనూ కోషర్‌లోనూ పందే లేదు కాబట్టి మన టాపిక్‌లో ఆ గొడవ రాదు.

ఫారంలో జరిగేది దీని కిందకి రాదు. ఈనే పందుల్ని ఇరుకు క్రేటుల్లో పెట్టడం మీద కాలిఫోర్నియా వాళ్లు చేసిన ప్రాప్ 12 అనే చట్టం గురించి విని ఉంటారు, 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలబడింది, అది పెంపకం సంగతి. దారిలో లారీ సంగతికి ఇరవై ఎనిమిది గంటల చట్టం అని ఇంకోటుంది, అన్ని గంటలు దాటి దించకుండా, నీళ్లు మేత ఇవ్వకుండా తీసుకెళ్లకూడదని. కానీ లారీ కబేళా గేటు దాటి లోపలికొచ్చిందంటే మాత్రం ఇంకా దించకపోయినా కబేళా రూల్సే. ఎండలో రెండు గంటలు లారీ గేటు లోపల నిలబెట్టేశారంటే అది వాళ్ల నెత్తినే పడుతుంది, పందికి మనలా చెమట పట్టదు మరి.

ఇంకోటి, మన రాష్ట్రం వాళ్లు ఇంకా గట్టి రూల్ పెట్టొచ్చు కదా అని అడుగుతారు. కాలిఫోర్నియా పెట్టింది, నడవలేని పందుల్ని కొయ్యకుండా వెంటనే బాధ లేకుండా చంపెయ్యాలని. 2012లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది, ఫెడరల్ చట్టం ఉన్నచోట రాష్ట్రం వేరే రూల్ పెట్టకూడదని. నడవలేని ఆవుల్ని మనిషి తిండికి కొయ్యడం నిషేధం, నడవలేని పందికి మాత్రం ఆ నిషేధం లేదు, గవర్నమెంటు వెటర్నరీ డాక్టరు చూసి సరే అంటే కోసుకోవచ్చు. నాకైతే ఇది ఏ లెక్కలోనో అర్థం కాలేదు.

ప్యాకెట్ తిప్పి నంబరు చూడండి

వీడియోలో ఊరు లేదు, సరే, మీ ఫ్రిజ్‌లో ప్యాకెట్ ఉంటుంది కదా. దాని మీద యూఎస్‌డీఏ, అంటే అమెరికా వ్యవసాయ శాఖ, గుండ్రటి ముద్ర, ఆ ముద్ర లోపలో ప్యాకెట్ మీద ఇంకెక్కడో ఈఎస్‌టీ అని, పక్కన నంబరు ఉంటాయి. అది ప్లాంటు నంబరు. తనిఖీ చేసే సంస్థ పేరు ఎఫ్‌ఎస్‌ఐఎస్, యూఎస్‌డీఏలో భాగమే. వాళ్ల వెబ్‌సైట్లో ఎంపీఐ డైరెక్టరీ అని ఉంది, ఎక్సెల్ కింద దించుకోవచ్చు, నంబరు కొడితే ప్లాంటు పేరు, ఊరు, అక్కడ ఏం పని చేస్తారో వస్తాయి.

ఇక్కడే నేను ఒక వారం బోల్తా పడ్డా. బేకన్ ప్యాకెట్ నంబరు పట్టుకుని ఆ ప్లాంటు మీద కంప్లైంట్లు ఏమున్నాయా అని తెగ వెతికా, ఒక్కటీ దొరకలేదు, భలే మంచోళ్లే అనుకున్నా. తర్వాత చూస్తే ఆ ప్లాంటులో అసలు పందుల్నే కొయ్యరు, బయట నుంచి మాంసం తెచ్చి ఉప్పేసి పొగేసి ప్యాక్ చేస్తారంతే. డైరెక్టరీలో స్లాటర్ అని ఉందా, ఉత్తి ప్రాసెసింగ్ అని ఉందా ముందు అది చూడండి. ప్రాసెసింగ్ మాత్రమే ఉంటే మీ వెతుకులాట అక్కడితో ఆగినట్టే, పంది ఎక్కడ చచ్చిందో లేబుల్ చెప్పదు.

చిన్న కబేళాలకి ఫెడరల్ నంబరు ఉండకపోవచ్చు. అయోవా, టెక్సాస్, జార్జియా, ఒహాయో, నార్త్ కరోలినా లాంటి చాలా రాష్ట్రాలకి సొంత ఇన్‌స్పెక్షన్ ఉంది, ఫెడరల్‌తో సమానంగా ఉండాలనే షరతు మీద నడుస్తుంది, ఆ ప్లాంట్ల కాగితాలు ఆ రాష్ట్రంలో ఇన్‌స్పెక్షన్ చేసే శాఖ దగ్గరే అడగాలి.

ఇప్పుడు ఉత్తరాలు వెతకండి

ఎఫ్‌ఎస్‌ఐఎస్ మూడు నెలలకోసారి ఎన్‌ఫోర్స్‌మెంట్ రిపోర్టు వేస్తుంది, అందులో హ్యూమేన్ హ్యాండ్లింగ్ (జంతువుని హింస పెట్టకుండా చూస్కోవడం) కింద ఏ ప్లాంటు మీద ఏ చర్య తీసుకున్నారో ఉంటుంది. పెద్ద తప్పులకి ప్లాంటుకి రాసిన ఉత్తరాలు కూడా పెడతారు. వీటిలో మాటలు కొంచెం తికమకగా ఉంటాయి కాబట్టి మెట్లు చెప్తా.

అన్నిటికన్నా కింది మెట్టు ఎన్‌ఆర్, నాన్‌కంప్లయన్స్ రికార్డు, అంటే రూల్ తప్పారని రాసిన కాగితం. తొట్లో నీళ్లు లేవు, నేల జారుతోంది, గేటుకి ఊడిన రేకు పందులకి గీసుకుంటోంది, ఇలాంటివన్నీ. దాంతోపాటు ఇన్‌స్పెక్టర్ యూఎస్ రిజెక్టెడ్ అనే ట్యాగ్ ఆ దొడ్డికో, దారికో, తెలివి తప్పించే గన్‌కో కట్టెయ్యొచ్చు, అది విప్పేదాకా వాడకూడదు. దాని పైమెట్టు నోటీస్ ఆఫ్ ఇంటెండెడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్, అంటే "మీ మీద చర్య తీసుకోబోతున్నాం, మూడు పనిదినాల్లో సమాధానం చెప్పండి" అని. ఆ పైది సస్పెన్షన్. సస్పెన్షన్ అంటే ఇన్‌స్పెక్టర్ ముద్ర వెయ్యనంటాడు, ముద్ర లేనిదే మాంసం అమ్మలేరు కాబట్టి కోత ఆగినట్టే. సరిదిద్దుకునే ప్లాన్ ఇచ్చాక అబేయన్స్ అని పెడతారు, అంటే సస్పెన్షన్‌ని పక్కన పెట్టి కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉంటారు.

ఇందులో ఒక కిటుకుంది, తెలీక చాలామంది తప్పు లెక్కలేస్తారు. ఒకే తప్పు రెండు ప్లాంటుల్లో జరిగితే ఒకదానికి సస్పెన్షన్, ఇంకోదానికి ఉత్తి నోటీసు రావచ్చు. ఎందుకంటే రాతపూర్వకంగా జంతువుల హ్యాండ్లింగ్ ప్లాన్ పెట్టుకుని, దాన్ని పాటిస్తున్నట్టు రికార్డు చూపించిన ప్లాంటుకి డిపార్ట్‌మెంటు కొంచెం వెసులుబాటు ఇస్తుంది. ప్లాన్ రాసే స్టాఫ్ ఎక్కువగా ఉండేది పెద్ద కంపెనీలకే. అందుకని సస్పెన్షన్ల లిస్టులో ఊరి చివర నలుగురు నడిపే కబేళా ఎక్కువసార్లు కనపడిందని పెద్ద ప్లాంటులో అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. అక్కడ కోసేవాటి సంఖ్య కూడా చూడాలి, ఈ దేశంలో ఏడాదికి దాదాపు 13 కోట్ల పందుల్ని కోస్తారు, అందులో అత్యధికం పెద్ద ప్లాంటుల్లోనే.

ఉత్తరం చదివేటప్పుడు వరస పట్టుకోండి

ఉత్తరంలో వాక్యాలు ఎండిపోయినట్టు ఉంటాయి, అదే మేలు, కోపం మీకు మీరే తెచ్చుకోవాలి. ఉదాహరణకి ఇలా ఉందనుకోండి: ఉద్యోగి క్యాప్టివ్ బోల్ట్ గన్‌తో (తూటా బదులు ఇనుప కడ్డీ దూసుకొచ్చి తెలివి తప్పించే గన్) పంది నుదుటి మీద కొట్టాడు, పంది అరిచి పక్కకి తిరిగింది, మళ్లీ కొట్టాడు, మోకాళ్ల మీద పడి లేచింది, రెండో గన్ కోసం అవతలి రూంకి వెళ్లాడు, వచ్చి మూడోది కొడితే పడిపోయింది. మీరు చూడాల్సింది మొదటి దెబ్బ తప్పిందా అని కాదు, ఎక్కడైనా తప్పుతుంది, ముసలి మగపందికైతే నుదుటి ఎముక మందంగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ తప్పుతుంది. రెండో గన్ లోడ్ చేసి చేతికందేచోట ఉందా లేదా, మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఎంతసేపు గడిచింది, ఆ సేపంతా పంది నిలబడి ఉందా, అరుస్తోందా, అది చూడాలి. తర్వాత "కొన్ని నెలల క్రితం కూడా ఇదే తప్పుకి" అనే పేరా ఉందేమో వెతకండి, సాధారణంగా చివర్లో ఉంటుంది, నా దృష్టిలో మొత్తం ఉత్తరంలో అదే ముఖ్యం.

రూల్స్ పుస్తకం పక్కన పెట్టుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది, 9 సీఎఫ్‌ఆర్ పార్ట్ 313 అని కొట్టండి, పెద్దదేం కాదు. పందుల్ని మామూలు నడక కన్నా వేగంగా తోలకూడదు. అదిలించడానికి వాడే కరెంటు కర్ర 50 వోల్టులు దాటకూడదు, అది కూడా వీలైనంత తక్కువ వాడాలి. పైపులు, మొనదేలినవి వాడకూడదు, అంటే మన ఎడ్లబండి ముల్లుగర్ర లాంటిది పట్టుకుంటే అక్కడ కేసే. ప్రతి దొడ్లో నీళ్లుండాలి, 24 గంటలు దాటి ఉంచితే మేత పెట్టాలి, రాత్రి ఉంచితే పడుకోవడానికి చోటుండాలి. తెలివున్న జంతువు నడవలేకపోతే ఈడ్చకూడదు. ఇన్‌స్పెక్టర్లు తమ టైముని తొమ్మిది రకాల కింద రాసుకుంటారు, ఎండావానా ఏర్పాట్లు, లారీ దించడం, నీళ్లు మేత, కోతకి ముందు తనిఖీ, జబ్బువి నడవలేనివి, కరెంటు కర్ర, జారి పడటాలు, స్టన్నింగ్ (తెలివి తప్పించడం) సరిగ్గా తగిలిందా, చివరిది గొలుసుకెక్కాక తెలివి ఉందా. ఆ చివరిది కనపడితే ఇక సాధారణంగా ఎన్‌ఆర్‌తో పోదు.

దాన్ని అంత సీరియస్‌గా తీసుకోవడానికి కారణం వేడినీళ్ల ట్యాంకు. ఆవుకి తోలు ఒలుస్తారు, పందికి సాధారణంగా తోలు ఉంచేసి వెంట్రుకలే తీస్తారు, దానికోసం 60 డిగ్రీల చుట్టూ ఉన్న నీళ్లలో ముంచుతారు. స్టన్ సరిగ్గా తగల్లేదు, కత్తి సరైన నరానికి తెగలేదు, పందుల్ని వేలాడదీసి ముందుకి లాక్కెళ్లే లైన్ ఆగలేదు అంటే ఆ పంది ఎక్కడికి వెళ్తోందో మీకు అర్థమైంది కదా.

కాళ్లు కాదు, తల చూడండి

ఇప్పుడు ఆ వాట్సాప్ వీడియో దగ్గరికొద్దాం. కాళ్లు కొట్టుకోవడం తెలివున్నట్టు గుర్తు కాదు. బోల్ట్ గన్ సరిగ్గా తగిలినా, కరెంటు సరిగ్గా తగిలినా కాళ్లు బాగా తన్నుకుంటాయి, అది వెన్నుపాము చేసే పని, కోడి మెడ కోశాక రెక్కలు కొట్టుకోవడం మనమంతా చూసిందే. తల వైపు చూడాలి. లయగా ఊపిరి తీస్తోందా, డొక్కలు ఆడుతున్నాయా. తనంతట తాను కన్ను ఆర్పుతోందా, కంటిపాప కదిలేదాన్ని వెంబడిస్తోందా. అరుస్తోందా. తలకిందులుగా ఉండి వీపు విల్లులా వంచి తల పైకెత్తి నిటారుగా అవ్వాలని చూస్తోందా. వీటిలో ఒక్కటున్నా వెంటనే మళ్లీ స్టన్ చెయ్యాలి. మా గ్రూపు వీడియోలో తల ఫ్రేములోనే లేదు! గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివొచ్చిన ఫ్రెండ్‌కి పంపిస్తే "దీన్ని బట్టి నేనేం చెప్పలేను, ఎవడైనా చెప్పాడంటే వాడికి తెలీదు" అన్నాడు.

స్టన్నింగ్‌లో మూడు రకాలు ఎక్కువ. గన్ సంగతి చెప్పా. కరెంటు అయితే మార్కెట్ సైజు పందికి కనీసం 1.25 యాంపియర్లు మెదడు గుండా పోవాలంటారు, తలకి మాత్రమే పెడితే కాసేపటికి తెలివొచ్చేస్తుంది కాబట్టి సెకన్లలో కత్తి పడాలి, కోసేవాడు కాస్త లేటైతే స్టన్ చేసినవాడి పనంతా వృథా. పెద్ద ప్లాంటుల్లో ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, పందుల్ని గుంపుగా పెట్టెలో ఎక్కించి గ్యాస్ గుంతలోకి దించుతారు. ఇక్కడ కొట్టడాలు తోలడాలు తగ్గుతాయి, అది నిజమే. కానీ గోళీసోడా గబుక్కున తాగితే ముక్కులోకి ఎక్కి ఎలా మండుతుందో గుర్తుందా, ఆ గ్యాస్ తేమకి తగిలితే ఆమ్లమవుతుంది, తెలివి తప్పే ముందు కొన్ని సెకన్లు పందులు రొప్పుతాయి, బయటపడాలని చూస్తాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ ఈఎఫ్‌ఎస్‌ఏ కూడా 2020లో ఇది బాధ పెట్టే పద్ధతే అని రాసింది. ఇది రూల్స్‌లో అనుమతి ఉన్న పద్ధతి కాబట్టి ఎంత వెతికినా దీనికి ఎన్‌ఆర్ దొరకదు. కాబట్టి రికార్డు క్లీన్‌గా ఉంటే దానర్థం రూల్ తప్పలేదని, అంతవరకే.

ఊరూ పేరూ ఉన్న వీడియోలు కూడా వచ్చాయి, అవి వేరు. 2015లో కంపాషన్ ఓవర్ కిల్లింగ్ అనే సంస్థ మిన్నెసోటాలోని ఆస్టిన్ ఊళ్లో క్వాలిటీ పోర్క్ ప్రాసెసర్స్ ప్లాంటులో రహస్యంగా తీసిన వీడియో బయటపెట్టింది, యూఎస్‌డీఏ విచారణ కూడా పెట్టింది. లైన్ స్పీడ్ పరిమితి లేకుండా ప్రయోగాత్మకంగా నడిచిన పందుల ప్లాంటులు ఐదింట్లో అదొకటి. మామూలు పరిమితి గంటకి 1,106 పందులు, అంటే మూడు సెకన్లకి చిల్లర ఒకటి. 2019లో ఆ పరిమితి ఎత్తేస్తూ కొత్త రూల్ తెచ్చారు, కార్మిక సంఘం కోర్టుకెళ్తే 2021లో మిన్నెసోటా ఫెడరల్ కోర్టు ఆ స్పీడ్ ముక్కని కొట్టేసింది. ఆ కేసు గెలిచింది పందుల బాధ మీద కాదు, పనివాళ్ల చేతులు మణికట్లు పోతున్నాయన్న దాని మీద.

మీరే కళ్లారా చూస్తే

రైతు దగ్గర పంది కొనుక్కుని చిన్న కబేళాకి తీసుకెళ్లి కోయించుకునే మనోళ్లు కూడా ఉన్నారు, పండక్కి నలుగురు కలిసి. అక్కడేదైనా చూస్తే వెంటనే ఫోన్లో నోట్ రాసుకోండి: తారీకు, టైము, ప్లాంటు నంబరు, దొడ్లోనా స్టన్నింగ్ దగ్గరా, ఎన్ని పందులు, ఎన్నిసార్లు, తల మీద ఏం చూశారు. "చాలా ఘోరంగా కొట్టారు" అని రాస్తే ఎవరూ ఏం చెయ్యలేరు, "ప్లాస్టిక్ పైపుతో ఒకే పంది ముఖం మీద నాలుగుసార్లు" అని రాస్తే దానికో సెక్షన్ ఉంది. అక్కడ ఇన్‌స్పెక్టర్ ఉంటే ఆయనకే చెప్పండి, లేదంటే ఎఫ్‌ఎస్‌ఐఎస్ జిల్లా ఆఫీసుకి, ప్రతి జిల్లాకీ హ్యూమేన్ హ్యాండ్లింగ్ చూసే వెటర్నరీ స్పెషలిస్టు ఉంటారు, ఆయన పేరు అడిగి రాయండి. ఇన్‌స్పెక్టర్ మీదే అనుమానముంటే యూఎస్‌డీఏ ఇన్‌స్పెక్టర్ జనరల్ హాట్‌లైన్ ఉంది.

దొంగతనంగా లోపలికెళ్లి కెమెరా పెట్టే ఆలోచన మాత్రం వద్దు. అయోవాలాంటి చోట్ల దీనిమీద చట్టాలు చేశారు, కొన్ని కోర్టులు కొట్టేశాయి, కొన్ని నిలబడ్డాయి, లాయర్లకే తలనొప్పి. పోనీ అక్కడే ఉద్యోగంలో చేరి తీద్దామంటే, హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్లకి అలాంటి ఉద్యోగంలో చేరడమే కుదరదు, కేసు సంగతి తర్వాత.

ఎన్‌ఆర్‌లు కావాలంటే ఫోయా పెట్టండి

ఉత్తరాలు పెద్ద తప్పులకే. రోజువారీ ఎన్‌ఆర్‌ల పూర్తి పాఠం ఎఫ్‌ఎస్‌ఐఎస్ సైట్లో దొరక్కపోతే ఫోయా కింద అడగాలి, మన ఆర్టీఐ లాంటిదే, కాకపోతే ఆర్టీఐ భారత పౌరులకే, ఫోయా ఎవరైనా పెట్టొచ్చు, వీసా మీద ఉన్నా, చివరికి విజయవాడలో కూర్చుని అయినా. ఆన్‌లైన్‌లోనే పెట్టెయ్యొచ్చు. ప్లాంటు పేరు, నంబరు, ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా, "9 సీఎఫ్‌ఆర్ 313 కింద రాసిన నాన్‌కంప్లయన్స్ రికార్డులు, మెమొరాండం ఆఫ్ ఇంటర్వ్యూలు" అని స్పష్టంగా రాయండి. ఆ రెండోది మర్చిపోకండి, ఎన్‌ఆర్ దాకా పోకుండా మేనేజర్‌ని పిలిచి మాట్లాడి రాసుకున్న కాగితం అది, అసలు సంగతులు ఒక్కోసారి అందులోనే ఉంటాయి. మీరు మామూలు జనం కేటగిరీలో ఉంటే మొదటి రెండు గంటల వెతుకులాట, మొదటి 100 పేజీలు ఫ్రీ, ఆపైన ఎంతదాకా కట్టగలరో కూడా ముందే రాసెయ్యండి, లేకపోతే దానికో ఉత్తరం, మీ సమాధానం, ఇలా నెల పోతుంది.

చట్టంలో గడువు 20 పనిదినాలు. ఆ లెక్క నమ్ముకోకండి. వచ్చాక కూడా పేర్లు, వ్యాపార రహస్యాలు అంటూ నల్లగా కొట్టేసి ఉంటాయి, మరీ ఎక్కువ కొట్టేశారనిపిస్తే 90 రోజుల్లోపు అప్పీలు పెట్టొచ్చు. నేను మొదటిసారి అత్యాశకి పోయి ఐదేళ్లవి అడిగా, అది ఎక్కడుందో ఇప్పటికీ ఏ కబురూ లేదు. రెండోసారి ఒక్క ప్లాంటు, జూన్ నుంచి ఆగస్టు దాకా, ఎండలు మండే మూడు నెలలు అడిగా, ఏడు పేజీలొచ్చాయి, ఏడింట్లో నాలుగు నీళ్ల తొట్టి గురించే.